నువ్వులన్నం తిన్న నక్క

కిందటి నెల సింధు తన కుక్కను వెంటబెట్టుకుని ఫ్రాన్స్ నుంచి ఓడలో దిగి, ఐర్లండ్‌లో, అత్లోన్‌లో ఉన్న మా ఇంటికి వచ్చింది. కాఫీ అయినా అడక్కుండా గొణగడం మొదలుపెట్టింది. ఓడ ఎక్కే ముందు కుక్కకి బద్దెపురుగుల మాత్ర వేయించాలట, అదీ పశువుల డాక్టరు కళ్ల ముందే మింగాలట, ఆ మాత్రను కుక్క ఉమ్మేసి ఉమ్మేసి చివరికి జున్నుముక్కలో పెడితే మింగిందట, ఈలోగా ఓడ తప్పిపోయేంత పనయిందట. "ఇట్స్ ఎ టాబ్లెట్ ఫర్ నథింగ్, నళినీ ఆంటీ. షీ ఈజ్ గ్రాండ్, లుక్ ఎట్ హర్" అంది. సింధుకి తెలుగంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం కెర్రీ యాస ఇంగ్లీషులోనే వస్తుంది. సోఫా మీద కాళ్లు చాపుకుని పడుకున్న ఆ కుక్కను చూస్తూ కాసేపు కూర్చున్నాను. చెప్పాలా వద్దా అని ఊగిసలాడి, ఈ పిల్ల ఇప్పుడు నాకంటే పొడుగు పెరిగింది కదా, ఇంకా దేనికి దాచడం అనుకుని, "ఆ మాత్ర దేనికో చెప్తాను కూర్చో. నీకు నాలుగేళ్లప్పుడు నీ గురించే మేమంతా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని బతికాం" అన్నాను. ఆ రోజు సాయంత్రం దానికి చెప్పినదే ఇక్కడ కొంచెం నిదానంగా రాస్తున్నాను.

డబ్బు వరదలా వచ్చి, పేపర్లన్నీ ఈ దేశాన్ని పులి అని పొగుడుతున్న రోజులవి. కెర్రీ జిల్లాలో ట్రాలీ లాంటి చిన్న ఊళ్లో కూడా ఎటు చూసినా క్రేన్లే. గొర్రెలు మేసిన పచ్చిక మీద ఒకే అచ్చులో పోసినట్టు కొత్త ఇళ్లు వరసగా లేచేవి. ఇంటి వెనక గోడ దాటితే పొలం, పొలంలో గొర్రెలు, ఆ పక్కన సగం కట్టి వదిలేసిన ఇంకో వరస. దేశమంతా పులి పులి అని మురిసిపోతుంటే నేను నక్కలతో కాపురం చేశాను. తిరుపతిలో పశువైద్యం చదివి, నక్కల పేగుల్లో పురుగుల మీద పరిశోధన చెయ్యడానికి వచ్చాను. అవకాశం వచ్చిందని తెలిసినప్పుడు మా చుట్టాలు "నక్క తోక తొక్కావే" అన్నారు. నిజంగానే తోకలు పట్టుకుని బల్ల మీదకి ఎత్తే ఉద్యోగమని అప్పటికి వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు.

గొర్రెలు ఈనే కాలంలో గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోకుండా ఇక్కడి రైతులు నక్కల్ని కాల్చేస్తారు. వాటిని పారెయ్యకుండా ఎరువుల సంచీలో వేసి మాకు ఇవ్వమని మా ప్రొఫెసర్ ఫియోనా చుట్టుపక్కల రైతులందరినీ ఒప్పించింది. మేం వెతుకుతున్నది ఒకే ఒక్క రకం పురుగు. బియ్యపుగింజ కంటే చిన్నది. యూరప్‌లో చాలాచోట్ల నక్కల్లో ఉంటుంది, ఐర్లండ్‌లో లేదు. లేదని ఊరికే అంటే సరిపోదు కాబట్టి నక్క తర్వాత నక్కను కోసి చూస్తూ ఉండాలి. నాకు తెలిసి, ఏమీ దొరక్కపోతే పండగ చేసుకునే ఉద్యోగం అదొక్కటే. ఆ పురుగు నక్క పేగులో హాయిగా బతుకుతుంది, నక్కకేమీ కాదు. గుడ్లు పెంటతో పాటు గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి కొరికిన ఎలుక కాలేయంలో తిత్తులై పెరుగుతాయి. ఆ ఎలుకను ఇంకో నక్కో కుక్కో తింటే, తిత్తిలోంచి మళ్లీ పురుగు. ఇందులో మనకేమీ పని లేదు. కానీ నక్క తిరిగిన మడిలో ఆకు తుంచి పచ్చిగా నోట్లో వేసుకున్న మనిషి, ఎలుకకి వేసిన పీట మీద తను కూర్చున్నట్టే. తిత్తి మనిషి కాలేయంలో ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకుండా పాకుతుంది. తెలిసేసరికి చాలామందికి ఆలస్యమైపోతుంది. ఫియోనా భయమంతా ఒక పొలపు ఎలుక గురించి. అది ఈ దేశపుది కాదు, ఎప్పుడో ఓడలో సామాన్లతో పాటు దిగిందంటారు, ఈ నైరుతి మూలలో సంసారం పెట్టి మెల్లగా పొలాలన్నీ ఆక్రమిస్తోంది. ఆ పురుగు గనక వస్తే దిగడానికి ఇల్లు సిద్ధంగా ఉందని ఫియోనా అనేది. పరాయి దేశంలో అద్దెకున్నదాన్ని కాబట్టి నాకు ఆ ఎలుక మీద కాస్త జాలిగా ఉండేది.

నేను అద్దెకున్నది సింధు వాళ్లింట్లో. వాళ్ల నాన్న ప్రసాదన్న కర్నూల్లో చదివి, ట్రాలీ ఆసుపత్రిలో డాక్టరుగా చేసేవాడు. వాళ్లమ్మ సునీత వదిన ఉద్యోగం షానన్‌లో. వారంలో ఎక్కువ రోజులు అక్కడే ఉండి శుక్రవారం వచ్చేది. ఇంటినీ సింధునీ మోసింది ప్రసాదన్న వాళ్లమ్మ. మొదటి రోజు ఆవిడను ఆంటీ అన్నాను. "ఆంటీ ఏంది, నేనేమన్నా గౌను వేసుకున్నానా? పెద్దమ్మా అను" అంది. అంతే, పెద్దమ్మ అయిపోయింది. భర్త పోగానే కొడుకు వెళ్లి నంద్యాల నుంచి తీసుకొచ్చాడు. వచ్చేటప్పుడు చీరల కంటే ఎక్కువ బరువున్న చిన్న రాతిరోలు సూట్‌కేసులో పెట్టుకొచ్చింది. వంటగదిలో అల్మరాను ఇక్కడివాళ్లు ప్రెస్ అంటారని సింధు నేర్పితే, "ప్రెస్సులో పసుపుంది తీసుకురా" అని నాకు పనులు చెప్పేది. ఆ ఇంటికి తలుపు తియ్యగానే ఇంగువ, తడిసిన ఉన్ని కోట్లు, అగరొత్తి కలిసిన ఒక వాసన వచ్చేది. ఇప్పుడు ఎక్కడ ఆ మూడూ కలిసి తగిలినా అక్కడ ఎక్కువసేపు ఉండలేను. పెద్దమ్మ మీద ఇష్టం లేక కాదు, తర్వాత జరిగినదాని వల్ల.

వెనక గోడ వారగా పెద్దమ్మ ఒక మడి చేసింది. మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, చలిలో కూడా కొత్తిమీర, పాలకూర, మెంతికూర పండించేది. రోజూ మధ్యాహ్నం ఆ కొత్తిమీర కోసి, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి ఆ రోట్లో పచ్చిగానే నూరేది. సింధు ఆ మట్టిలోనే కూర్చునేది, మట్టితోనే ఆడేది, మేకపిల్లలా ఆకులు తుంచుకుని నమిలేది. "తిననీలే, రక్తం పడుతుంది" అనేది పెద్దమ్మ. తను అన్నానికి కూర్చునే ముందు ఒక ముద్ద తీసి గోడ మీద కాకికి పెట్టేది. తర్వాత పడుకునేది. సాయంత్రానికి ముద్ద ఉండేది కాదు. "ఈ దేశం కాకులు శానా మర్యాదస్తులు, మెతుకు కింద పడెయ్యవు" అని మురిసిపోయేది. నేను ల్యాబు నుంచి రాగానే గుమ్మంలో ఆపేసి, బయట కొళాయి దగ్గర చేతులు కడిగించి, అప్పుడు అడిగేది: "ఈ పొద్దు ఎన్ని పురుగులు దొరికినాయి?" నేను ఎన్నో చెప్పేదాన్ని. "ఛీ" అని నవ్వి కాఫీ ఇచ్చేది. ఒక్కరోజు కూడా ఆ ప్రశ్న మానలేదు.

పెద్దమ్మ మనసులో ఒక ముల్లుంది. ఆవిడ భర్తకి ఆపరేషన్ చెయ్యాలని ముందురోజు నుంచి ఏమీ పెట్టొద్దన్నారు. ఆయన తెల్లవారి పెరుగన్నం అడిగాడు. ఆవిడ డాక్టర్ల మాట విని పెట్టలేదు. ఆయన ఆపరేషన్ బల్ల మీదే పోయాడు. "ఆకలితో పంపించినా" అనేది, పప్పు గిలక్కొడుతూనో, సింధుకి జడ వేస్తూనో, ఉన్నట్టుండి. మేం ఏం చెప్పినా తలూపేది గానీ వినేది కాదు. సంవత్సరీకానికి కాకి పిండం ముడితే ఆయన కడుపు నిండినట్టేనని ఏడాదంతా ఆ రోజు కోసమే కాచుకుంది.

ఆ రోజు గాలీ వానా. ట్రాలీలో పురోహితుడెక్కడ దొరుకుతాడు? నంద్యాల పురోహితుడే ఫోనులో మంత్రాలు చెప్పాడు. ఫోన్‌కార్డు గీకి, స్పీకరు పెట్టి, ప్రసాదన్న తడిపంచెతో వణుకుతూ పిండం చేశాడు. అన్నం, నల్లనువ్వులు, నెయ్యి. గోడ మీద పేపరు ప్లేటులో పెట్టి అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. ఎదురుగా సగం కట్టిన ఇంటి పొగగొట్టం మీద రెండు కాకులున్నాయి. మా వైపు ఒకసారి చూసి గాలికి ఎటో కొట్టుకుపోయాయి. ఇంకో కాకి రాలేదు. "ముట్టిందా నాయనా?" అని ఫోనులోంచి గొంతు. "ఇంకా లేదు స్వామీ." కాసేపాగి మళ్లీ, "ముట్టిందా?" ఈలోగా కార్డు అయిపోతోందని ఒక ఆడగొంతు హెచ్చరించి, లైను తెగిపోయింది. ప్రసాదన్నకి మధ్యాహ్నం డ్యూటీ. "అమ్మా, నేను పోవాల. రోగులు కాచుకోనుంటారు. నువ్వు తినుమ్మా" అన్నాడు. అందరం తిన్నాం. కాకి ముట్టకుండా తిన్న అన్నం ఎవరికీ రుచించలేదు. పెద్దమ్మ మాత్రం పీట వేసుకుని కిటికీ దగ్గరే కూర్చుంది. చీకటి పడుతుంటే దీపం పెట్టడానికి లోపలికి వెళ్లి వచ్చేసరికి ప్లేటు గోడ కింద బోర్లా పడి ఉంది, పిండం లేదు. కాకి తిన్నదా, గాలి తోసిందా, ఎవరూ చూడలేదు. "ముట్టినట్టే పెద్దమ్మా" అన్నాను. "నువ్వు చూసినావా?" అంది.

మర్నాడు పొద్దున వెనక పొలం రైతు మైక్ ల్యాబుకి ఒక సంచీ తెచ్చిపడేశాడు. రాత్రి గొర్రెపిల్లల దగ్గర కాపలా ఉండి కాల్చాడట. "బాగా బలిసినవాడు. మీ ఎస్టేట్ ఇళ్ల గోడల మీదే తిరుగుతుంటాడు" అన్నాడు. నక్కల్ని వెంటనే కొయ్యకూడదు. గుడ్లు ఉంటే మాకే ప్రమాదం కాబట్టి, మామూలు చలికి చావని ఆ గుడ్లు చచ్చేదాకా అతి చల్లని పెద్ద ఫ్రీజర్లో పెట్టాలి. సంచీ మీద మైక్ పేరు రాసి లోపల పెట్టేసి నేను దాన్ని మరిచిపోయాను.

ఇంట్లో మాత్రం ఆ మర్నాటి నుంచి ఒక విచిత్రం మొదలైంది. గోడ మీద పెట్టిన ముద్ద పెట్టినట్టే ఉండిపోయేది. పెద్దమ్మ మధ్యాహ్నం నిద్ర మానేసి కిటికీ దగ్గర కూర్చుని చూసేది. ఆవిడ కాపలాకే కాకులు దిగడం లేదని నాకనిపించేది. "అలిగినాడు. నేను ఆ పొద్దు పెట్టలేదని ఇప్పుడు పెట్టినా తినడంలే" అంది. తను తినడం తగ్గించేసింది. సింధుకి మాత్రం రోజూ కొత్తిమీర పచ్చడి కలిపి ముద్దలు పెడుతూనే ఉంది. ప్రసాదన్న ఆవిడకి రక్తపరీక్షలు చేయించాడు, అన్నీ బాగానే ఉన్నాయి. పెద్దమ్మ చెంపలు రోజురోజుకీ లోపలికి పోయాయి.

మైక్ ఇచ్చిన నక్క వంతు వచ్చింది. కరిగించి, బల్ల మీద పడుకోబెట్టి, ముందు జీర్ణాశయం కోశాను. సగం అరిగిన ఎలుక బొచ్చు, దాని పైన అన్నం. తెల్లటి మెతుకులు, చెక్కుచెదరకుండా. వాటి మధ్య నల్లనువ్వులు. చిమ్టాతో ఒక గింజ తీసి దీపం కింద పెట్టి చూశాను. ట్రాలీలో నక్కకి నువ్వులన్నం పెట్టే ఇల్లు ఇంకొకటి లేదు. ముందు నాకు కలిగింది పట్టలేని సంతోషం. పిండం గాలికి పోలేదు, ఒక ప్రాణి కడుపులో పడింది. అప్పటికప్పుడు గ్లవ్స్ తీసేసి ఇంటికి పరిగెత్తి పెద్దమ్మతో చెప్పాలనిపించింది. రోజూ ముద్ద తిన్నది కూడా ఇదే, ఇది చచ్చిన మర్నాటి నుంచే ముద్ద మిగిలిపోతోంది. ఆ ఆలోచన రాగానే దాని వెనకే ఇంకోటి వచ్చింది. అంటే ఇది చలికాలమంతా ఆ మడి మీదుగానే గోడ ఎక్కింది. పేగు నిలువునా చీల్చి, గీకి, గాజు సీసాలో కడిగి, అడుగున దిగినదాన్ని నల్లటి పళ్లెంలో పోశాను. అడుగున తెల్లటి చుక్కలు కనిపించాయి. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, బియ్యపుగింజ కంటే చిన్నవి, నాలుగైదు కణుపులు, అంతే.

ఫియోనాను పిలిచాను. ఆమె చాలాసేపు చూసింది. స్టూలు లాక్కుని కూర్చుని, మళ్లీ చూసింది. ఫ్రీజర్లో పాడై తల భాగం సరిగా కనపడ్డం లేదు, కాబట్టి ఇదేనని చెప్పలేను, కాదనీ చెప్పలేను అంది. నమూనాలు పై దేశంలో ఉన్న ల్యాబుకి పంపాలి, జవాబు వచ్చేదాకా బయటికి మాట పొక్కకూడదు అంది. "ఈ నక్క తిరిగిన మా ఇంటి తోటలో ఒక పిల్ల ఆడుకుంటుంది, ఆకులు పచ్చిగా తింటుంది" అన్నాను. ఫియోనా కళ్లద్దాలు తీసి నా చెయ్యి పట్టుకుంది. "అయితే తండ్రికి చెప్పు. ఇంకెవరికీ వద్దు" అంది.

ఆ సాయంత్రం గుమ్మంలో పెద్దమ్మ మామూలుగానే ఆపింది. చేతులు కడుక్కున్నాను. "ఈ పొద్దు ఎన్ని పురుగులు దొరికినాయి?" అంది. ఆ ముఖం వైపు చూసి అబద్ధపు లెక్క చెప్పడం నా వల్ల కాలేదు. "తలనొప్పిగా ఉంది పెద్దమ్మా" అని లోపలికి పోయాను. ఆ నక్క కడుపులో ఆవిడకి కావలసిన మాటొకటి, ఆవిడని చంపేసే మాటొకటి పక్కపక్కనే ఉన్నాయి. అన్నం సంగతి చెప్తే తర్వాతి ప్రశ్న పురుగుల గురించే. పురుగు సంగతి తెలిస్తే, మనవరాలి నోట్లో ఆ ఆకు పెట్టింది తనేనని తెలుస్తుంది. భోజనాల దగ్గర పచ్చడి గిన్నె నా వైపు జరిపింది. వద్దన్నాను. "నిన్నటిదాకా గిన్నె నాకినదానివి, ఈ పొద్దు ఏమొచ్చింది?" అంది. సింధు ముద్ద కోసం నోరు తెరిచింది. పెద్దమ్మ చెయ్యి పళ్లెం నుంచి సింధు నోటికి పోతోంది. నాకేం చెయ్యాలో తోచక గిన్నెను మోచేత్తో తోసేశాను. పచ్చడంతా నేలపాలైంది. "కళ్లు యాడ పెట్టుకున్నావమ్మాయ్!" అని పెద్దమ్మ కసిరింది. అంత కోపంగా నన్ను ఎప్పుడూ అనలేదు. నేను తుడుస్తూ కూర్చున్నాను, ఏడుపొస్తుంటే ముఖం ఎత్తలేదు.

మర్నాడు ఆసుపత్రి కార్ పార్కులో ప్రసాదన్నకి చెప్పాను. వానలో కారు అద్దాలు మూసుకుని కూర్చున్నాం. గొర్రెల ఊళ్లలోంచి కాలేయంలో తిత్తులతో వచ్చే రోగుల్ని కర్నూల్లో చూసినవాడు కాబట్టి నేను వివరించాల్సిన అవసరం లేకపోయింది. "ఇది వాటికంటే చెడ్డదా?" అని మాత్రం అడిగాడు. అవునన్నాను. స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. తల ఎత్తకుండానే, "అమ్మకి చెప్పొద్దు నళినీ. నాయనకి పెట్టలేదని ఒకటి మోస్తాంది. మనవరాలికి పెట్టినానని ఇంకోటి మోయలేదు" అన్నాడు. ఫియోనా, ప్రసాదన్న, ఇద్దరి మాటా నా నోటికి తాళం వేసేసింది.

మడిని కప్పెయ్యడానికి ప్రసాదన్న పిలిస్తే ఆ వారమే ఇంటికి పనివాళ్లు వచ్చారు. ఆ రోజుల్లో ఎస్టేట్‌లో ప్రతి ఇంటి వెనకా డెక్కింగ్ అని చెక్క పలకల అరుగు వేయించుకోవడం ఒక పిచ్చి. ఎవరికీ అనుమానం రాలేదు. వాళ్లు పట్టా పీకేసి, కొత్తిమీర మీదా మెంతి మొలకల మీదా గుడ్డ పరిచి, కంకర పోసి, పలకలు బిగించారు. పెద్దమ్మ కిటికీలోంచి చూస్తూ నిలబడింది. "నన్ను ఒక్క మాట అడిగినారా? ఆకులు కోసుకోనిచ్చినా బాగుండు" అంది. ప్రసాదన్న వినపడనట్టు టీవీ పెట్టుకున్నాడు. ఆ చెక్కల మీద కొత్త వార్నిష్ వాసన ఇల్లంతా నిండిపోయి ఇంగువ వాసన మాయమైంది. సింధుకి స్కాన్ చేయించాడు. సంగతి తెలిసి సునీత వదిన సెలవు పెట్టి వచ్చి, పిల్లను ఒళ్లోంచి దించలేదు. స్కాన్‌లో ఏమీ లేదు. కానీ స్కాన్‌లో లేనంత మాత్రాన ఒంట్లో లేనట్టు కాదని మా ముగ్గురికీ తెలుసు. ఇవాళ మింగింది కనపడడానికి ఏళ్లు పడుతుంది. సింధు నవ్వినా, జలుబు చేసినా, అన్నం వద్దని మారాం చేసినా మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకునేవాళ్లం. పెద్దమ్మ మమ్మల్ని చూసేది. ఇంట్లో అందరూ తనకి తెలియనిదేదో దాస్తున్నారని ఆవిడకి అర్థమైంది, అది తన మీద కోపమని అనుకుంది. సాయంత్రాలు గుమ్మంలో నన్ను ఆపడం మానేసింది. పురుగుల లెక్క అడగడం మానేసింది. ఇంత బతుకులో నన్నెవరో ఒక ప్రశ్న అడగలేదని అంత బాధపడింది అప్పుడే.

జవాబు ఒక ఎండరోజున వచ్చింది. ఫియోనా ఫోను పెట్టేసి నన్ను గట్టిగా కావలించుకుంది. ఆ పురుగు కాదు. ఈ దేశపు నక్కల్లో మామూలుగా ఉండే ఇంకో జాతిది. ఆ నక్క కొత్తగా తిన్న ఏదో ఎలుకలోంచి వచ్చి, పేగుకి అప్పుడే అతుక్కుని, ఇంకా పెరగని పసి పురుగులు. అందుకే అంత చిన్నగా ఉన్నాయి. వాటి గుడ్ల వల్ల మనం భయపడాల్సినదేమీ లేదు. నేను బల్ల మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాత ప్రసాదన్నకి ఫోను చేసి చెప్పాను.

ఇదంతా విని సింధు కుక్క చెవులు నిమురుతూ, "సో ఐ వాజ్ ద మౌస్, లైక్?" అంది. అవును తల్లీ, నువ్వే మా ఎలుకవి అన్నాను. నవ్వబోయి ఆగి, తెలియకుండానే కుడి పక్క డొక్క మీద చెయ్యి పెట్టుకుంది. ఆ కాలంలో మా దగ్గర ఉన్న జ్ఞానం కంటే ఇప్పుడు దాని ఫోనులో ఎక్కువ ఉంది. నమూనా పంపితే జవాబు చకచకా వస్తుంది. ఇప్పటికీ ఆ పురుగు ఈ దీవిలో అడుగు పెట్టలేదు. కుక్కలకి వేసే ఆ మాత్ర పుణ్యం కూడా అందులో ఉందని నేను నమ్ముతాను. అప్పుడు కట్టిన ఇళ్లలో కొన్ని డబ్బు అయిపోయి మొండిగోడలుగా నిలబడ్డాయి, కొన్నిట్లో మళ్లీ దీపాలు వెలిగాయి. డెక్కింగ్ కూడా కుళ్లిపోయి పీకేశారని సింధు చెప్పింది. ఇప్పటి ఇళ్లలో గుమ్మం దగ్గర ఆపి ఇవాళ ఏం దొరికింది అని అడిగేవాళ్లు లేరు. అది నాకు లోటుగానే ఉంది, ఎవరేమనుకున్నా సరే. పెద్దమ్మ పోయి కూడా చాలా ఏళ్లయింది. పురుగు సంగతి ఆవిడకి తెలియకుండానే వెళ్లిపోయింది. నక్క సంగతి మాత్రం తెలుసు. జవాబు వచ్చిన ఆ రోజే, అన్నాల వేళకి ఇంటికి వెళ్లి నేనే చెప్పాను.

పెద్దమ్మ డెక్కింగ్ మీద కుర్చీ వేసుకుని గోడ వైపు చూస్తోంది. గోడ మీద ముద్ద ఉంది. నేను కింద చెక్కల మీద కూర్చుని, "పెద్దమ్మా, మీ పిండం కాకి తినలేదు, నక్క తిన్నది. ఆ రాత్రే మైక్ దాన్ని కాల్చాడు. నేనే కోశాను. కడుపులో మీ అన్నం చూశాను" అన్నాను. ఆవిడ నా వైపు తిరిగింది.

"నువ్వులున్నాయా?"

"ఉన్నాయి."

"ఆడదా, మగదా?"

"మగది."

కుర్చీ నా వైపు జరుపుకుంది. తర్వాత మెల్లగా, "నమిలినట్టుండిందా, మింగినట్టుండిందా?" అంది. అదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. మెతుకులు మెతుకులుగానే ఉన్నాయి, అసలు నమల్లేదు అని ఉన్నదే చెప్పాను.

పెద్దమ్మ ముఖం మీద నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఆయనే. పెండ్లయిన కాడి నుంచి మొత్తుకున్నా, నమిలి తినయ్యా నమిలి తినయ్యా అని. ఏం పెట్టినా అట్లనే మింగేవాడు" అంది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, చాలాసేపు గోడను చూసింది. "కడుపు నిండినాకనే పోయింది కదా?" అని ఇంకోసారి అడిగింది. నిండాకే అన్నాను.

లేచి లోపలికి వెళ్లి కంచం పెట్టుకుంది. నన్నూ కూర్చోమంది. ఆ రోజు పెద్దమ్మ రెండోసారి అన్నం వడ్డించుకుని, ప్రతి ముద్దా నిదానంగా నమిలి తిన్నది.